భజన తాళానికి ఊగిన నీళ్ల ట్యాంకు

1966 ఏప్రిల్‌లో నన్ను విద్యుత్ శాఖ సివిల్ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా తీసుకుని, రోజ్ బెల్‌కీ మహేబోర్గ్‌కీ మధ్యనున్న డీజిల్ విద్యుత్ కేంద్రానికి పంపారు. మారిషస్ అప్పటికింకా బ్రిటిష్ వలసే. స్వాతంత్ర్యం వస్తుందని అందరికీ తెలుసు, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ కేంద్రంలో పాత ఇంజన్ల పక్కన మరో పెద్ద ఇంజను పెట్టబోతున్నారు. ఆ మార్పు జరిగాక భూకంపం వస్తే కేంద్రం నిలుస్తుందో లేదో చూసి నివేదిక రాయడం నాకు అప్పగించిన పని.

నియామక పత్రం చేతికిచ్చిన గుమాస్తా పకపకా నవ్వాడు. మా దీవికి తుఫాను అంటే ఏటా వచ్చే చుట్టం. భూకంపం మొహం మాత్రం మా తాతలు కూడా చూడలేదు. అయితే కొత్త ఇంజను కోసం నియమించిన లండన్ సలహాదారులు మారిషస్ అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవి అని ఎక్కడో చదివారు. అవి చల్లారి ఎన్ని యుగాలైందో చదివినట్టు లేదు. భూకంప పరిశీలన లేకపోతే సంతకం పెట్టేది లేదని వాళ్లు తేల్చేశారు. అలాంటి పని స్వయంగా చేసినవాడు దీవి మొత్తం మీద నేనొక్కణ్ణే కావడంతో, పిలిచి మరీ నాకిచ్చారు.

ఇంగ్లండులో చదువు పూర్తయ్యాక నాలుగేళ్లు ఒక డిజైన్ కార్యాలయంలో పనిచేశాను. భూకంపాలు ఎక్కువగా వచ్చే ఒక దేశం కోసం అక్కడ అణు విద్యుత్ కేంద్రం నక్షలు తయారయ్యేవి. ఇంగ్లండు నేల మీద నిలిచే నమూనానే తీసుకుని, కదిలే నేల మీద నిలిచేలా మార్చాలి. ఒక గొట్టాన్ని జానెడు జరిపినా, ఒక గోడను మందం చేసినా లెక్క మళ్లీ మొదటికి వచ్చేది. మా పై అధికారి ఒక స్కాట్లండు ముసలాయన. మార్చిన ముక్కను మాత్రమే తూచి తెచ్చినవాడి కాగితాన్ని చదవకుండానే తిప్పి పంపేవాడు. మార్పు తర్వాత మొత్తం కేంద్రాన్ని తూచాలి. ఉన్న సామగ్రినంతా మూడు రకాలుగా విడదీయాలి. భూకంపం తర్వాత కూడా పనిచేసి తీరాల్సినవి మొదటి రకం. రియాక్టరును ఆపేవి, చల్లార్చేవి ఇందులోకి వస్తాయి. రెండో రకం సామాను పనిచేయకపోయినా ఫరవాలేదు, మొదటి రకం మీద మాత్రం పడకూడదు. మిగిలినదంతా మూడోది. ప్రమాదం ఎప్పుడూ రెండో రకంలోనే దాక్కుంటుందని ఆయన అనేవాడు. ముఖ్యమైన యంత్రాన్ని అందరూ కళ్లలో పెట్టుకుని చూస్తారు, దాని నెత్తిన ఉన్నదాన్ని ఎవరూ చూడరు.

మా కేంద్రంలో రియాక్టరు లేదు సరే, నెత్తిన ఉన్నది మాత్రం ఉంది. ఇంజన్లను చల్లబరిచే నీటి కోసం ఎత్తైన ఉక్కు కాళ్ల మీద ఒక ట్యాంకు ఉండేది. సరిగ్గా దాని కిందే స్విచ్ గది. మహేబోర్గ్ వైపు ఆసుపత్రికి వెళ్లే కరెంటు ఆ గదిలోంచే పోవాలి. కొత్త ఇంజనుకు నీళ్లు ఎక్కువ కావాలి కాబట్టి, పాత ట్యాంకు తీసేసి అవే కాళ్ల మీద పెద్ద ట్యాంకు పెట్టాలని ప్రతిపాదన. ట్యాంకు కూలితే స్విచ్ గది పోతుంది, స్విచ్ గది పోతే ఆపరేషన్ బల్ల మీద దీపం ఆరిపోతుంది. నివేదికలో నేను తేల్చవలసింది ఇదే.

కేంద్రం సూపరింటెండెంటు ఫెన్టన్ అనే ఆంగ్లేయుడు. నోట్లో పైపు, చేతిలో నిబంధనల పుస్తకం లేకుండా నేనాయన్ని చూడలేదు. చెడ్డవాడు కాదు, కానీ పుస్తకంలో లేనిది లోకంలోనే లేదనుకునే మనిషి. ఆయన కింద కూలీల మేస్త్రి నూకయ్య. ముత్తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లోకి వచ్చిన కుటుంబం. కేంద్రం కట్టిన నాటినుంచీ అక్కడే పని, అయినా ఇంకా రోజు కూలీయే. పర్మనెంటు ఉద్యోగం, దాని వెంట వచ్చే పింఛను కోసం పెట్టుకున్న అర్జీ ఎన్నో బల్లలు తిరిగి చివరికి ఫెన్టన్ బల్ల మీదికి వచ్చింది. ఒక్క సంతకం మిగిలింది. ఆంగ్లేయులు వెళ్లిపోయాక వచ్చేవారి బల్ల మీద తన కాగితం మళ్లీ అట్టడుక్కు పోతుందని నూకయ్య భయం. ఆ భయం అబద్ధమని నేను కూడా అనలేను.

లెక్కలు నక్షలు చూసి వేశాను. ప్రతి కట్టడానికీ తనదైన ఒక ఊగు ఉంటుంది. ఉయ్యాలను దాని తీరుకు తగ్గట్టు తోస్తే పైకి లేస్తుంది, తీరు తప్పి తోస్తే మొరాయిస్తుంది. ఉక్కు కాళ్ల మీది ట్యాంకూ అంతే. నా లెక్క ప్రకారం నీళ్లు నిండిన పాత ట్యాంకు గడియారం టిక్కుల కంటే కాస్త చురుగ్గా ఊగాలి. అలా ఊగితే నక్ష నిజం. నక్ష నిజమైతే పెద్ద ట్యాంకు పెట్టినా కాళ్లు ఆగుతాయి. అది నిజమో కాదో తేల్చే యంత్రాలు దీవిలో లేవు. ఇంగ్లండులో మాత్రం ఒక పాత పద్ధతి విన్నాను. కొందరు మనుషులు పైకెక్కి ఒకే లయలో ఒంటిని అటూ ఇటూ ఊపుతారు. లయ కుదిరితే కట్టడం వెంట్రుకవాసి కదులుతుంది. దూరం నుంచి సర్వే దుర్బిణిలో చూస్తే ఆ వెంట్రుకవాసి తెలుస్తుంది. ప్రమాదమేమీ లేదు, చూడగానే ఆపించవచ్చు.

నూకయ్య మనుషులు నడుములకు తాళ్లు కట్టుకుని ట్యాంకు చుట్టూ ఉన్న చపటా మీద నిలబడ్డారు. నేను కింద నుంచి విజిల్ ఊదాను. ఇంజను గది హోరులో ఒకడికి విజిల్ వినిపించింది, ఇంకొకడికి వినిపించలేదు, మూడోవాడికి నవ్వొచ్చింది. ఎవరి ఊగు వారిది. ట్యాంకు మాత్రం ఎంత మర్యాదస్తురాలంటే, ఇసుమంత కూడా కదల్లేదు. ఫెన్టన్ పైపు తీసి, దీన్ని ఏ పద్దు కింద రాయమంటారని అడిగాడు. ఆ రోజంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ శనివారం షెమాన్ గ్రెనియే అనే ఊళ్లో మా అమ్మ పుట్టింటి వారి ఇంట రామభజన జరిగింది. నడుమ దీపస్తంభం, చుట్టూ వలయంగా ఆడే మనుషులు. మా తెలుగువాళ్లలో చాలామందికి ఇంట్లో మాట్లాడుకునేది ఫ్రెంచి నుంచి పుట్టిన దీవి భాష క్రియోలే. పాడేటప్పుడు మాత్రం తెలుగు. సగం మాటలకు అర్థం తెలియకపోయినా అడుగు తప్పదు. తాళాలు పట్టుకుని నడిపిస్తున్నది నూకయ్య. చుట్టూ ఉన్న పాతిక మంది ఒంటి బరువు ఒకే క్షణాన ఎడమ కాలి మీద పడుతోంది, మళ్లీ ఒకే క్షణాన కుడి కాలి మీదికి వస్తోంది. అమ్మ ప్రసాదం చేతిలో పెట్టి, భజనలో దేవుణ్ణి చూడాలి గాని జనం పాదాల వంక ఏమిట్రా ఆ చూపు అంది. నాకు దేవుడు పాదాల్లోనే కనిపించాడు.

సోమవారం నూకయ్యను అడిగాను. ఆయన ముందు నొచ్చుకున్నాడు. భజన దేవుడి పని, ట్యాంకు ఊపే పని కాదు. ఆ ట్యాంకు కింది స్విచ్చుల మీదే ఆసుపత్రి దీపాలు నడుస్తున్నాయని చెప్పాను. అప్పుడు ఒప్పుకున్నాడు, అదీ రెండు షరతుల మీద. అందరూ స్నానం చేసి, చెప్పులు లేకుండా ఎక్కుతారు. పాట నేను చెప్పిన వేగంతో మొదలుకాదు. మొదట నెమ్మదిగా ప్రార్థన పూర్తి కావాలి, ఆ తర్వాతే నా వేగం.

“తల లేకుండా ఒళ్లు వస్తుందా బాబూ?” అన్నాడు.

ప్రార్థన నాకు వృథా కాలక్షేపంలా తోచింది. కానీ పని కావాలి కాబట్టి సరేనన్నాను. గాలి లేని ఒక ఉదయం, ట్యాంకు నిండా నీళ్లుండగా, అంచుకు ఒక కొలబద్ద బిగించి దూరంగా దుర్బిణి పెట్టుకుని కూర్చున్నాను. పక్కన స్టాప్‌వాచీతో ఒక టెక్నీషియన్. కొంచెం ఎడంగా ఫెన్టన్, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది ఎండ కోసమా ప్రార్థన కోసమా అని నేనడగలేదు. పైన తాళాలు మోగాయి. ప్రార్థన నిదానంగా సాగుతోంది, మనుషులు గాలికి వరిచేను వాలినట్టు అటూ ఇటూ వాలుతున్నారు. నా వంతు రాలేదు కదా అని దుర్బిణిలోకి ఊరికే కన్ను పెట్టాను. కొలబద్ద కదులుతోంది.

మొదట దుర్బిణి కాలు జారిందనుకున్నాను. సరిచూసుకుని మళ్లీ చూశాను. ట్యాంకు అంచు ప్రార్థన తాళానికి చక్కగా అడుగేస్తోంది, అడుగు అడుగుకీ పెరుగుతోంది. లోపలి నీళ్లు గోడకు కొట్టుకునే చప్పుడు కింద వరకు వినిపించింది. ఆపమని చెయ్యి ఊపాను. కాసేపు ఆగాక, ఈసారి నా లెక్క చెప్పిన చురుకు వేగంతో ఊగమన్నాను. ట్యాంకు పెద్దగా పట్టించుకోలేదు. అంటే ట్యాంకు తన అసలు ఊగును, నేను వృథా అనుకున్న ప్రార్థనలో చెప్పేసింది. అది నా లెక్క కంటే బాగా నెమ్మది.

ఇలా జరగడానికి రెండే కారణాలుంటాయి. కాళ్లు నక్షలో ఉన్నంత గట్టిగా లేకపోవాలి, లేదా పైన నక్షలో లేని బరువు ఉండాలి. కాళ్లన్నీ చూశాం. తుప్పు లేదు, బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. నిచ్చెనెక్కి ట్యాంకుకూ చపటాకూ నడుమ చుట్టూ కప్పిన రేకును సుత్తితో తట్టాను. డొల్ల చప్పుడు రావాలి, రాలేదు. గోడను తట్టినట్టుంది. ఇంకో రెండు చోట్ల తట్టేలోగా కింద నుంచి నూకయ్య పిలిచాడు. ఆ రేకు వెనక ఏముందో చెప్పడానికి ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

“అక్కడ రోస్ ఉన్నాయి బాబూ. సిక్లోన్‌లో టాంకు లేచింది. మళ్లీ లేవకూడదని మేమే పెట్టినాం.”

రోస్ అంటే మా చెరకు పొలాల్లో దిబ్బలు పోసి ఉండే నల్లరాళ్లు. 1960లో వచ్చిన పెద్ద తుఫానులో ఇంజను గది రేకులు లేచిపోయాయి. నీళ్లు అడుగంటిన ట్యాంకు కాళ్లతో సహా ఎగిరెగిరి పడుతుంటే, నూకయ్యా మరికొందరూ తాళ్లు వేసి ప్రాణాలకు తెగించి పట్టుకున్నారు. తుఫాను వెలిశాక, అప్పటి సూపరింటెండెంటు ఇది మళ్లీ ఎగరకుండా ఏదైనా చేయమని నోటిమాటగా చెప్పి వేరే వలసకు బదిలీ మీద వెళ్లిపోయాడు. వీళ్లు చపటా దూలాల నడుమ నల్లరాళ్లు పేర్చి, సిమెంటు పోసి, చుట్టూ రేకు కొట్టి, పద్ధతిగా రంగు కూడా వేశారు. నక్ష దిద్దాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, అడగందే అమ్మైనా పెట్టదు కదా. ఎవరూ అడగలేదు.

మా దీవిలో ఎవరైనా చేసే పనే అది. గాలికి భయపడేవాడు ప్రతిదాన్నీ బరువు చేస్తాడు. పూరిపాక మీద రాళ్లు పెడతాడు, తుఫాను హెచ్చరిక వినగానే డ్రమ్ముల నిండా నీళ్లు పడతాడు. గాలి బయటి నుంచి తోస్తుంది, బరువున్న వస్తువు దానికి లొంగదు. భూకంపం అలా కాదు. నేల పక్కకు లాగినప్పుడు వస్తువు బరువే దాని కాళ్లను విరుస్తుంది. ఎంత బరువుంటే అంత దెబ్బ. గాలికి మందైనది భూకంపానికి విషం. ఆ రాళ్ల మీద పెద్ద ట్యాంకు కూడా పెడితే, లండన్ వాళ్లు అడిగిన ఊపులో సగానికే కాళ్లు వంగి మొత్తం స్విచ్ గది మీద పడుతుందని కొత్త లెక్క తేల్చింది. నూకయ్యకు ఇది వివరించినప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. ఆరేళ్లుగా ఆ రాళ్లను చూసి గర్వపడిన మనిషి. నాకు చాలా బాధ కలిగింది.

అసలు చిక్కు ఫెన్టన్ గదిలో మొదలైంది. రాత ఉత్తర్వు లేకుండా ప్రభుత్వ కట్టడాన్ని మార్చిన రోజు కూలీని తొలగించాలని నిబంధన. ఎవరు చేశారని ఆయన నన్ను అడిగాడు. నివేదికలో ఆ వివరం ఎలాగూ ఉండాలి. నక్షలో లేని ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు, దేనికి చేశారో రాయకపోతే దాని లోతు తెలియదు, లోతు తెలియని బరువును లెక్కలో వేసుకోలేం. పర్మనెంటు కాగితం ఆ బల్ల మీదే, పైపు బూడిద పళ్లెం పక్కనే ఉంది. నా కన్ను దాని మీద పడటం ఫెన్టన్ కూడా చూశాడు. నివేదిక పూర్తి కాలేదని చెప్పి బయటికొచ్చాను.

ఆ సాయంత్రం నూకయ్య నా గదికి వచ్చాడు. కుర్చీ చూపించి కూర్చోండి పెద్దయ్యా అన్నా కూర్చోలేదు. ఫెన్టన్ అడిగిన ప్రశ్న అప్పటికే కేంద్రమంతా పాకింది. రాళ్లు మోసిన కుర్రాళ్లలో ఇద్దరికి కిందటేడే పెళ్లిళ్లయ్యాయి. కూలీలు చేశారు అని గుంపుగా రాస్తే అందరి మెడ మీదా కత్తి పడుతుందని ఆయన దిగులు.

“నా పేరు రాయి బాబూ. మో పా కాషియెత్, నేను దాచేవాణ్ణి కాదు. పిల్లలు నేను చెప్తే మోసినారు. వాళ్ల పేర్లు వద్దు.”

పింఛను సంగతి ఏమిటని అడిగాను. చెరకు నరకడం చేతులింకా మరిచిపోలేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వయసులో చెరకు కోతంటే ఏమిటో మా ఇళ్లలో పుట్టినవాళ్లకి ఒకరు చెప్పనక్కరలేదు. నాకు కోపం వచ్చింది. ఫెన్టన్ మీదా, నిబంధన మీదా, నోటిమాట చెప్పి ఓడెక్కిన ఆ పాత సూపరింటెండెంటు మీదా.

మర్నాడు నివేదికతో ఫెన్టన్ దగ్గరికి వెళ్లాను. నూకయ్య పేరు రాశాను. తుఫాను సంగతీ, నోటిమాట ఉత్తర్వు సంగతీ రాశాను. తుఫాను వరకు చూస్తే ఆ పని సరైనదేననీ, నక్ష దిద్దకపోవడం కార్యాలయం తప్పనీ రాశాను. ఆయన రెండుసార్లు చదివి, ఇది ఇంజనీరు నివేదికా, వకీలు పిటిషనా అని అడిగాడు. నిబంధన నిబంధనే అన్నాడు. ఈ ఒక్కడికీ మినహాయిస్తే రేపు ప్రతివాడూ తోచిన చోట రాళ్లు పోస్తాడని ఆయన వాదం. అందులో న్యాయం లేకపోలేదు. జాలి గురించి మాట్లాడితే ఆయన దగ్గర పని జరగదని నాకు తెలుసు, అందుకే నా వృత్తి సంగతే చెప్పాను.

“నేను సుత్తితో తడుతుండగా ఈ మనిషి తనంతట తాను నిజం చెప్పాడు. ఇతన్ని తీసేస్తే, రేపటి నుంచి ఈ దీవిలో ఏ కేంద్రానికి వెళ్లినా నాతో నక్షలే మాట్లాడతాయి, మనుషులు మాట్లాడరు. అప్పుడు నేను పెట్టే సంతకానికి విలువ ఉండదు.”

ఫెన్టన్ పైపు వెలిగించుకున్నాడు, ఆరిపోతే మళ్లీ వెలిగించుకున్నాడు. నివేదిక సొరుగులో పెట్టాడు. తర్వాతి రోజుల్లో నేను ఆ సంగతి కదిలించలేదు. నూకయ్య ఎప్పటిలాగే పనికి వచ్చేవాడు. నాతో మాటలు తగ్గించాడు, అది అలక కాదు, నన్ను ఇరకాటంలో పెట్టకూడదనేనని నాకు తెలుసు.

చివరికి ఫెన్టన్ తన పద్ధతిలోనే దారి వెతుక్కున్నాడు. ప్రాణాపాయ సమయంలో పై అధికారి ఇచ్చిన మౌఖిక ఆదేశం ఉత్తర్వుతో సమానమని చెప్పే ఒక క్లాజును అదే నిబంధనల పుస్తకంలో పట్టుకున్నాడు. నోటిమాట విన్న పాత గుమాస్తాను పిలిపించి వాంగ్మూలం రాయించాడు. నా నివేదిక కింద అంగీకారం రాశాడు. పర్మనెంటు కాగితం మీద సంతకం చేశాడు. దాంతో పాటు, ఇకమీదట రాత లేకుండా ఏ పనీ చేయకూడదని ఒక హెచ్చరిక కూడా నూకయ్య ఫైల్లో చేర్చాడు. చేర్చకపోతే ఆయన ఫెన్టన్ కాడు.

రాళ్లు తీయించాం. తీసింది నూకయ్య మనుషులే. బరువు తగ్గితే తుఫానుకు ఎగురుతుంది కాబట్టి, కాళ్ల కింద రాతి పొరలోకి రంధ్రాలు తొలిచి పొడవాటి బోల్టులు దింపి బిగించాం, కాళ్ల నడుమ అడ్డకమ్మీలు పెంచాం. గాలికీ భూకంపానికీ రెంటికీ సరిపడేది అదొక్కటే. కొత్త ట్యాంకు ఎక్కించాక మళ్లీ భజన పెట్టించాను, ప్రార్థనతో సహా. ఈసారి లెక్కా ట్యాంకూ ఒక్క మాట మీదున్నాయి. ఈ పనంతా పూర్తయ్యేసరికి ఆ ఏటి చెరకు కోతలు మొదలై చాలాకాలమైంది. నూకయ్య మాత్రం బోల్టులను ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా స్పానరు పట్టుకుని వచ్చి, ఒక్కో నట్టునూ పలకరించి వెళ్లేవాడు.

మరుసటి ఏడు నన్ను ఇదే పని మీద ఉత్తరాన ఉన్న ఒక పంపింగ్ స్టేషనుకు పంపారు. అక్కడ నాకు తెలిసినవారెవరూ లేరు. జీపు దిగి, చంకలో నక్షల గొట్టంతో గేటు దాటేసరికి, ఫిట్టర్లూ కూలీలూ వరసగా నిలబడి ఉన్నారు. ఏదో గొడవ అనుకున్నాను. వాళ్లలో పెద్దవాడు, ఆఫ్రికా సంతతికి చెందిన ఒక క్రియోల్ ఫిట్టరు, ముందుకొచ్చి నక్షలు తర్వాత విప్పుకోమన్నాడు. ముందు తాము పెట్టినవీ, తీసినవీ, అతికినవీ చూపిస్తామన్నాడు. మధ్యాహ్నం దాకా తిప్పి చూపించారు. ఏ నక్షలోనూ లేని ఇనుప దూలాలు, పూడ్చేసిన తలుపు, గోడలో కలిపేసిన పాత గొట్టం, పంపు నెత్తిన వేలాడుతున్న ఓడ లంగరు. ఇదంతా నాకెందుకు చెబుతున్నారని అడిగాను.

“నూకయ్యకి పర్మనెంటు పోస్టు వచ్చింది కదా, మిస్యే” అన్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ వృత్తిలోనే ఉన్నాను. పరికరాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. కట్టిన రోజున ఏముందో నక్ష చెబుతుంది, ఈ రోజు ఏముందో అక్కడ పనిచేసేవాళ్లు చెబుతారు. కిందటిసారి చెప్పినవాడికి ఏమైందో కనుక్కున్నాకే చెబుతారు.